తెరుచుకోని ఫైలు

2023 వేసవిలో ఒక సాయంత్రం ఫోను మోగింది. పదిహేనేళ్ళుగా మాటల్లేని ఒకావిడ. మా ఊళ్ళో ఉండి, తరవాత వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయిన కుటుంబం. కుశలప్రశ్నలు అయ్యాక, "అన్నయ్యగారూ, నాన్నగారు ఉప్పెన గురించి రాసిన వ్యాసం మీ దగ్గర ఉందా?" అని అడిగారు.

వాళ్ళ నాన్నగారిని మేమంతా మాస్టారు అనేవాళ్ళం. దివిసీమలో బడిపంతులుగా పనిచేసి, రిటైరయ్యాక కూతురి దగ్గర ఉందామని అమెరికా వచ్చారు. మా సంఘం పత్రికకు వరసగా మూడేళ్ళు మూడు వ్యాసాలు రాశారు. నాలుగోది 1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెన గురించి. 2002లో రాసి నా చేతికే ఇచ్చారు. ఆ రోజుల్లో పత్రికకు తెలుగు టైపు చేసే పని నాది. చేశాను. పేజీలు చాలక ఆ వ్యాసం మరుసటి ఏడాదికి వాయిదా పడింది. మరుసటి ఏడాది కార్యవర్గం మారింది, సంపాదకులు మారారు, వ్యాసం సంగతి అందరం మరిచిపోయాం. మాస్టారు 2006లో పోయారు. చేతిరాత ప్రతి ఏమైందో ఎవరికీ తెలీదు.

"ఉందమ్మా, సీడీలో భద్రంగా ఉంది. రెండు రోజుల్లో పంపిస్తా" అన్నాను ధీమాగా.

నిజంగానే సీడీ ఉంది. దాని మీద నా చేతిరాతతో సంవత్సరం కూడా ఉంది. కొత్త కంప్యూటరుకి సీడీ పెట్టే చోటే లేకపోతే, బయట తగిలించే డ్రైవు ఒకటి కొనుక్కొచ్చాను. ఫైలు కనిపించింది. పేరు, తేదీ, సైజు అన్నీ ఉన్నాయి. దాన్ని తయారుచేసిన పేజీ లేఅవుట్ ప్రోగ్రాము కొత్త కంప్యూటరులో లేదు కాబట్టి అలాంటి ఫైళ్ళను చదవగలిగే మరో ప్రోగ్రాముతో తెరిచాను. పేజీ వచ్చింది, కాలములు వచ్చాయి, పేరాలు వచ్చాయి. తెలుగు మాత్రం రాలేదు. దాని బదులు నెత్తిన టోపీలు, చుక్కలు పెట్టుకున్న లాటిన్ అక్షరాలు, పౌండు గుర్తులు, డిగ్రీ గుర్తులు, మధ్యమధ్య ఖాళీ డబ్బాలు. ఒక మనిషి కళ్ళారా చూసి రాసిన ఎనిమిది పేజీలు నా ఎదురుగానే ఉన్నాయి, ఒక్క ముక్క కూడా చదవడానికి లేదు.

ఇందులో నాకు సిగ్గు కలిగించే సంగతి ఇంకొకటుంది. నేను ఈ దేశం వచ్చిందే పాత సాఫ్ట్‌వేరును బతికించే పని మీద. ఎలాగో చెబుతాను.

* * *

1990ల రెండో సగంలో అమెరికాలో దిగిన తెలుగు కుర్రాళ్ళలో చాలామందికి అన్నం పెట్టింది వై2కె. బ్యాంకులు, బీమా కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు ఎన్నడో 1960, 70లలో కోబాల్ భాషలో రాయించుకున్న ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే కేటాయించారు. 2000 వస్తే అది 1900 అనుకునే ప్రమాదం ఉంది. ఆ లక్షల లైన్లన్నీ వెతికి సరిచెయ్యడానికి మనుషులు కావలసివచ్చారు. హైదరాబాదులో కోబాల్ నేర్పే సంస్థలు వీధికొకటి వెలిశాయి. అలా నేర్చుకుని వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నాకు వింతగా తోచింది ఆ ప్రోగ్రాముల వయసు. నేను పుట్టకముందు రాసినవి కూడా చెక్కుచెదరకుండా నడుస్తుండేవి. దానికి ఒక చరిత్ర ఉంది. 1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. సంస్థ సిస్టం/360 అనే కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. అంతకు ముందు ఒక నమూనా కంప్యూటరుకి రాసిన ప్రోగ్రాము మరో నమూనా మీద నడిచేది కాదు. యంత్రం మార్చినప్పుడల్లా ప్రోగ్రాములు తిరగరాసుకోవలసిందే. 360 కుటుంబంలో చిన్న యంత్రానికి రాసింది పెద్ద యంత్రం మీద కూడా నడుస్తుందని ఐ.బి.ఎం. మాట ఇచ్చింది. అప్పటికే తన పాత 1401 యంత్రాలు కొన్నవాళ్ళు బెంగపెట్టుకోకుండా, వాటి ప్రోగ్రాములు కొత్త యంత్రం మీద నడిచే ఏర్పాటు కూడా చేసింది. కొత్త యంత్రం పాత యంత్రంలా నటించడమన్నమాట. దానికి 'ఎమ్యులేటరు' అన్న పేరు వాడుకలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. 360 కోసం రాసిన ప్రోగ్రాములు ఆ వంశంలో పుట్టిన నేటి మెయిన్‌ఫ్రేముల మీద కూడా నడవగలవు. ఆరు దశాబ్దాలుగా ఆ మాట నిలబడింది.

ఎందుకు నిలబడింది? ఆ మాట నిలబెట్టడానికి బ్యాంకులు ఏటేటా డబ్బు కడుతూ వచ్చాయి కాబట్టి. పాత ప్రోగ్రాము కొత్త యంత్రం మీద దానంతటది నడవదు. ఎవరో పూనుకుని నడిపించాలి. ఈ సంగతి వృత్తిలో నాకు బాగా తెలుసు. ఇంట్లో తెలుగు టైపు చేసేటప్పుడు మాత్రం ఒక్కసారీ గుర్తురాలేదు.

* * *

ఇళ్ళలోకి, చిన్న ఆఫీసుల్లోకి వచ్చిన కంప్యూటర్ల కథ కొంచెం వేరు. 1978లో మైక్రోప్రో అనే కంపెనీ వర్డ్‌స్టార్ అనే ప్రోగ్రామును అమ్మకానికి పెట్టింది. రాసినవాడు రాబ్ బార్నబీ. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విసికాల్క్ తెచ్చారు. అడ్డు వరసలు, నిలువు వరసలతో లెక్కలు కట్టే స్ప్రెడ్‌షీట్లకు అదే ముత్తాత. 1983లో లోటస్ 1-2-3, 1989లో వర్డ్‌పర్ఫెక్ట్ 5.1 వచ్చాయి. ఇండియాలో కంప్యూటరు కోర్సు చేసిన నా తరం వాళ్ళకి డాస్, వర్డ్‌స్టార్, లోటస్ అనే వరస ఓనమాల్లా గుర్తుండే ఉంటుంది.

వీటిలో కొన్ని ఎంత గట్టి పిండాలో చెబితే ఆశ్చర్యంగా ఉంటుంది. 1981లో ఐ.బి.ఎం. పీసీ కోసం తయారైన విసికాల్క్‌ను బ్రిక్లిన్ తరవాతి కాలంలో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. సైజు 28 వేల బైట్లలోపే. నేటి ఫోనులో తీసిన ఒక్క ఫొటోలో అలాంటివి వంద పడతాయి. అది 32 బిట్ల విండోస్ మీద దశాబ్దాల తరవాత కూడా నడిచింది. నవలా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ తన పెద్ద పెద్ద నవలలను డాస్ కంప్యూటరులో వర్డ్‌స్టార్ 4 మీద రాస్తానని బహిరంగంగానే చెప్పాడు. కెనడా రచయిత రాబర్ట్ సాయర్ 2024లో వర్డ్‌స్టార్ 7ను, దాన్ని నేటి కంప్యూటర్ల మీద నడపడానికి కావలసిన సరంజామాతో సహా ఒక కట్టగా కట్టి అందరికీ అందుబాటులో పెట్టాడు.

మైక్రోసాఫ్ట్ కూడా పాతవాటిని నడిపించడానికి తక్కువ పాట్లు పడలేదు. విండోస్ 95 బయటికి వచ్చింది 1995 ఆగస్టు 24న. దాని వెర్షన్ నంబరు 4. కానీ పాత 16 బిట్ల ప్రోగ్రాములు "నీ నంబరెంత?" అని అడిగితే 3.95 అని చెప్పేది. నంబరును తప్పుగా సరిపోల్చుకుని ఆగిపోయే ప్రోగ్రాములు చాలా ఉండేవి మరి. 2009లో వచ్చిన విండోస్ 7 కూడా లోలోపల తన నంబరు 6.1 అనే చెప్పుకుంటుంది. సిమ్‌సిటీ అనే ఆటలో ఒక తప్పుండేది, వదిలేసిన మెమరీని మళ్ళీ వాడుకునేది. విండోస్ 95 ఆ ఆటను గుర్తుపట్టి, దానికోసం ప్రత్యేకంగా మెమరీని వెంటనే వెనక్కి తీసుకోకుండా ఊరుకునేది.

ఇంకో తమాషా మీరే ఇంట్లో చూసుకోవచ్చు. ఎక్సెల్‌లో 60 అని రాసి దాన్ని తేదీగా చూపించమనండి. 1900 ఫిబ్రవరి 29 అంటుంది. అలాంటి రోజే లేదు, 1900 లీపు సంవత్సరం కాదు. లోటస్ 1-2-3లో జరిగిన తప్పు అది. లోటస్ ఫైళ్ళు తెచ్చుకునేవాళ్ళ లెక్కలు ఒక రోజు అటూఇటూ కాకూడదని ఎక్సెల్ ఆ తప్పును కావాలనే తనలోకి తెచ్చుకుంది. లోటస్ 1-2-3 అమ్మకాలు ఆగి ఏళ్ళయింది, తప్పు మాత్రం బతికే ఉంది. ఆ లెక్కల మీద ఆధారపడిన కంపెనీలు అన్ని ఉండేవి కాబట్టి.

* * *

ఇక మన తెలుగు సంగతి.

1990ల మొదట్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు యూజ్‌నెట్ చర్చావేదికల్లో మాట్లాడుకునేవాళ్ళు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరోటి రాని రోజులు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. దాన్నే ఆర్.టి.ఎస్. అంటాం. ఏ తెలుగు అక్షరానికి ఏ ఇంగ్లీషు అక్షరం, ఎక్కడ పెద్దక్షరం, ఎక్కడ చిన్నక్షరం అని ఖచ్చితమైన లెక్క. చూడ్డానికి అందంగా ఉండదు. అలా రాస్తే మా అమ్మకి చూపించలేకపోయేవాణ్ణి.

అందం కావాలంటే ఫాంటు కావాలి. 1992లో వచ్చిన విండోస్ 3.1లో ట్రూటైప్ ఫాంటులు వచ్చాయి. దాంతో తెలుగు అక్షరాలు గీసి కంప్యూటరులోకి ఎక్కించడం మామూలు మనుషులకు కూడా సాధ్యమయింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అనే ఫాంటులు తయారుచేసి ఉచితంగా పంచారు. ఇండియాలో వ్యాపార సంస్థలు అందమైన ఫాంటులతో, కీబోర్డులతో ప్యాకేజీలు అమ్మాయి. వాటికి జంటగా పేజ్‌మేకర్ ఉండేది. 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చిన ఆ ప్రోగ్రాము, 1994లో అడోబి ఆల్డస్‌ను కొనుక్కున్నాక ఆ ఇంటిదయింది. ఆంధ్రదేశంలో ఏ ఊరి డీటీపీ సెంటర్లో చూసినా పెళ్ళిపత్రిక నుంచి పాఠ్యపుస్తకం దాకా పేజ్‌మేకరే. ప్రవాస సంఘాల సావనీర్లు కూడా చాలావరకు ఆ దారినే వచ్చాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ ఫాంటులకు ఉన్నవి 256 గదులు. అందులో చాలావాటిలో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కాపురముండేవి. తెలుగువాళ్ళం వాటిని ఖాళీ చేయించి మన తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ఎక్కించాం. గుణింతాలు, వత్తులు కలిస్తే వచ్చే అక్షరాలన్నిటికీ 256 గదులు ఏమూలకు? అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. 'ప' లోపల ఒక గీత చేరిస్తే 'ష', కింద ఒక గీత చేరిస్తే 'ఫ' అన్నట్టుగా. ఏ ముక్క ఏ గదిలో పెట్టాలన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ ఇష్టం. ఒకరి ఫాంటులో 'క' ఉన్న గదిలో మరొకరి ఫాంటులో సున్నా ఉంటుంది. కాబట్టి ఫైల్లో ఉండేది తెలుగు కాదు, గదుల నంబర్లు. తెలుగు ఉండేది ఫాంటులో. ఆ ఫాంటు ఉన్నంతకాలం అది కథ, వ్యాసం, కవిత. ఫాంటు పోతే పౌండు గుర్తులు, డిగ్రీ గుర్తులు.

అప్పటికి వేరే దారి లేదా అంటే, ఉంది. భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా ఇస్కీ అనే ప్రమాణాన్ని 1988లో రూపొందించారు, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ఖాయం చేసింది. అదే 1991లో వచ్చిన యూనికోడు మొదటి వెర్షనులో తెలుగుకు 128 గదులు కేటాయించారు. గదులు తక్కువే, కానీ అవి ముక్కలకు కాదు, అక్షరాలకు. 'క' ఎక్కడైనా 'క' యే, ఏ ఫాంటులో చూసినా, ఏ కంప్యూటరులో చూసినా. ముక్కలు అతికి చూపించే పని ఆపరేటింగ్ సిస్టముది. చోటు 1991లోనే దొరికినా, విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చేసరికి 2001, అంటే ఎక్స్‌పీ వచ్చిన ఏడు. మధ్యలో ఆ పదేళ్ళు, ఆ తరవాత అలవాటు కొద్దీ ఇంకా చాలా ఏళ్ళు, మనం రాసిందంతా నంబర్ల గదుల్లోనే పెట్టాం. 2002లో మాస్టారి వ్యాసం టైపు చేసేటప్పుడు నా కంప్యూటరులో గౌతమి ఉంది. అయినా నేను నా అలవాటు ప్యాకేజీనే వాడాను. అచ్చులో అక్షరం అందంగా వచ్చేది మరి.

* * *

ఈలోగా కింద నేల కదులుతూ వచ్చింది. ఎక్స్‌పీతో ఇళ్ళలోని కంప్యూటర్లు కూడా ఎన్.టి. వంశంలోకి మారాయి. ఆ వంశంలో ప్రోగ్రాములు పోర్టుల జోలికి నేరుగా వెళ్ళడానికి వీల్లేదు. మధ్యలో డ్రైవరు ఉండాల్సిందే. అప్పట్లో భారతీయ భాషల ప్యాకేజీలు కొన్ని, దొంగ కాపీలు రాకుండా, ప్రింటరు తగిలించే చోట ఒక 'లాకు' పెట్టమనేవి. అగ్గిపెట్టె అంత ఉండే ఆ లాకు లేకపోతే ప్యాకేజీ పనిచేయదు. ఇప్పుడు ఆ లాకుకీ డ్రైవరు కావాలి.

2007లో విస్టా వచ్చింది. పాత ప్రోగ్రాముల సహాయపు ఫైళ్ళను తెరిచే పనిముట్టును అందులోంచి తీసేశారు. 2009లో విండోస్ 7తో పాటు 64 బిట్ల కంప్యూటర్లు ఇళ్ళలోకి వచ్చాయి. అసలు గండం ఇదే. ప్రాసెసరు 64 బిట్ల పద్ధతిలో నడుస్తున్నప్పుడు డాస్ ప్రోగ్రాములకు కావలసిన 'వర్చువల్ 8086' అనే ఏర్పాటు దొరకదు. అందుకని 64 బిట్ల విండోస్‌లో డాస్, 16 బిట్ల విండోస్ ప్రోగ్రాములను నడిపే భాగమే లేదు. కొన్ని ప్యాకేజీల్లో ప్రోగ్రాము 32 బిట్లదే అయినా, దాన్ని కంప్యూటరులోకి ఎక్కించే ఇన్‌స్టాలరు 16 బిట్లది. ఇల్లు సరిపోయినా గుమ్మంలోంచి దూరలేని బీరువా లాంటిది. 32 బిట్ల డ్రైవర్లు కూడా చెల్లవు, కాబట్టి పాత లాకు పనిచెయ్యదు. 2021లో వచ్చిన విండోస్ 11లో 32 బిట్ల రకమే లేదు. విసికాల్క్‌ను దశాబ్దాల పాటు నడిపిన దారి అక్కడితో మూసుకుపోయింది.

ప్రోగ్రాములకే కాదు, ఫైళ్ళకు కూడా ఇదే గతి పట్టిన సందర్భాలున్నాయి. 2007 సెప్టెంబరులో ఆఫీస్ 2003కు వచ్చిన మూడో సర్వీస్ ప్యాకు, వర్డ్ 6 కంటే ముందు నాటి ఫైళ్ళను తెరవనివ్వకుండా ఆపేసింది. భద్రత కోసమన్నారు. రెండు మూడు నెలల తరవాత జనం గమనించి గోల చేశారు. 2008 జనవరిలో మైక్రోసాఫ్ట్ పొరపాటు ఒప్పుకుని, తప్పు ఫైళ్ళ తీరుది కాదు, వాటిని చదివే తమ కోడుదని చెప్పి, మళ్ళీ తెరుచుకునే మార్గం సులువు చేసింది. పేజ్‌మేకర్ చివరి వెర్షను 7, 2001లో వచ్చింది. దాని ఫైళ్ళను అడోబి వారి ఇన్‌డిజైన్ 2012 నాటి సీఎస్6 దాకా తెరిచేది, ఆ తరవాతి వెర్షన్లు తెరవవు. చివరికి ఆ ఫైళ్ళను చదవడం నేర్చుకుని ఉచితంగా ఇచ్చింది లిబర్‌ఆఫీస్ వెనక ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు. నేను మాస్టారి ఫైలు తెరిచింది దానితోనే. పేజీలు, కాలములు దాని చలవే. కానీ పాపం, ఫలానా ఫాంటులో ఫలానా నంబరంటే మన 'ష్ట' అని దానికెవరు చెబుతారు?

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. ఆర్.టి.ఎస్.లో, ఆ అందం లేని ఇంగ్లీషు అక్షరాల్లో ముప్ఫై ఏళ్ళ కిందట రాసుకున్నవి ఈరోజు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటాయి. కావాలంటే క్షణంలో యూనికోడులోకి మారతాయి. నా పాత ఫ్లాపీల్లో దొరికిన ఉత్తరాలు అలా మార్చుకున్నాను. అందంగా, పేజీలు దిద్ది, బొమ్మలు పెట్టి చేసినవే మూగబోయాయి. ఒక ఫైలు అర్థం కావడానికి ఎంత ఎక్కువ సరంజామా కావాలో దాని ఆయుష్షు అంత తక్కువ.

* * *

మాస్టారి వ్యాసం కోసం నేను పడ్డ పాట్లు క్లుప్తంగా చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడతాయని.

ముందు నా తెలుగు ప్యాకేజీ ఫ్లాపీలు వెతికాను. దొరికాయి. కొత్త కంప్యూటరులో ఇన్‌స్టాలరు నడవలేదు. అప్పుడు కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరును నటింపజేసే వర్చువల్ మెషీన్ పెట్టుకున్నాను. 1964లో ఐ.బి.ఎం. వాళ్ళు 1401ని నటింపజేసినట్టే అనుకోండి. అందులో నా దగ్గరున్న పాత విండోస్, పాత పేజీ లేఅవుట్ ప్రోగ్రాము ఎక్కించాను. అవి హాయిగా నడిచాయి. తెలుగు ప్యాకేజీ మాత్రం లాకు ఏదని అడిగింది. లాకు ఉంది, తగిలించే పోర్టు కొత్త కంప్యూటరుకు లేదు. చివరికి ఇరవై మైళ్ళ దూరంలో ఉన్న ఒక మిత్రుడి బేస్‌మెంటులో, సంఘం వాళ్ళు ఒకప్పుడు పత్రిక పనికి వాడిన పాత కంప్యూటరు దొరికింది. వాళ్ళావిడ దాన్ని పారెయ్యమని పదేళ్ళుగా చెబుతున్నారట. "నా బద్ధకం ఇన్నాళ్ళకి పనికొచ్చింది" అన్నాడు మిత్రుడు. అది గుర్రుగుర్రుమంటూ లేచింది. అందులోంచి కావలసిన ఫాంటు ఫైళ్ళు తెచ్చుకుని నా వర్చువల్ మెషీన్లో పెట్టి, మాస్టారి ఫైలు తెరిచాను.

తెలుగు వచ్చింది.

వెంటనే చేసిన మొదటి పని, ఆ పేజీలను ఫాంటుతో సహా పి.డి.ఎఫ్.గా దాచి, కాగితం మీద కూడా ముద్రించుకోవడం. రెండో పని దాన్ని యూనికోడులోకి మార్చడం. ఏ నంబరు గదిలో ఏ ముక్క ఉందో ఒక పట్టిక రాసుకున్నాను. రెండు వందల పైచిలుకు పంక్తులు వచ్చాయి. దాన్నిబట్టి చిన్న ప్రోగ్రాము రాశాను. బ్యాంకుల కోసం ఇలాంటివి వందలు రాశాను, నా భాష కోసం రాసింది ఇదే మొదలు.

ప్రోగ్రాము నూటికి తొంభై పాళ్ళు సరిగ్గానే మార్చింది. మిగిలినచోట్ల వత్తులు అటూఇటూ అయ్యాయి, 'ఫ' ఉండాల్సినచోట 'ప' వచ్చింది, క్రావడి పక్క అక్షరానికి పోయింది. మామూలు వాక్యంలో అయితే చదువుతూ పోతే తెలిసిపోతుంది. కానీ ఆ వ్యాసం చివర ఒక పేజీ ఉంది. ఉప్పెన తగ్గి, బడి మళ్ళీ తెరిచిన రోజు మాస్టారు హాజరుపట్టీ చదివారు. పలకని పేర్లు ఒకదాని కింద ఒకటి రాశారు. ఇంటిపేర్లతో సహా. ఆ ఉప్పెనలో చనిపోయినవాళ్ళు 10,000 మందికి తక్కువ ఉండరని లెక్కలు చెబుతాయి. మాస్టారు రాసింది తన తరగతి లెక్క.

పేరుకు సందర్భం ఉండదు. వాక్యంలో తప్పుపోతే పక్క మాట చెబుతుంది, ఇంటిపేరులో వత్తు తప్పిపోతే చెప్పేవాళ్ళెవరు? అందుకని ముద్రించిన కాగితం ఆవిడకు పంపాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం ఫోనులో కూర్చున్నాం. ఆవిడ కాగితం మీది పేరు చదివేవారు, నేను తెర మీది పేరు సరిచూసేవాణ్ణి. కొన్ని పేర్ల దగ్గర ఆవిడ ఆగేవారు. అవి ఆవిడకు తెలిసిన ఇళ్ళు. పేజీ అయ్యేసరికి గంటన్నర పట్టింది. "మీరు పెట్టకపోతే ఇవి ఎక్కడా ఉండేవి కావు" అన్నారు ఆవిడ. నేను ఆ మాట కాదనలేకపోయాను, అవుననలేకపోయాను. ఇరవై ఏళ్ళు వాటిని కనిపించకుండా పెట్టింది కూడా నేనే.

* * *

1820లలో బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టి, తాటాకుల మీద ఉన్న తెలుగు గ్రంథాలకు కాగితం మీద ప్రతులు రాయించాడు. తాటాకుకు ఆయుష్షు ఉంది, ఎత్తి రాయకపోతే చెదలు తింటుంది. మన పెద్దలకు ఆ సంగతి తెలుసు కాబట్టే తరతరానికీ ఎత్తి రాసేవాళ్ళు. సీడీలో పెట్టి అటక మీద వేస్తే పని అయిపోయిందనుకున్నది మన తరం.

పెద్ద కంపెనీల లెక్కలకు కాపలా ఉంది. వాళ్ళ పాత ప్రోగ్రాములు ఆగిపోతే ఎవరికో నష్టం, అందుకే ఎవరో జీతాలిచ్చి నడిపిస్తారు. ఆ జీతాలు మనలో చాలామందిమి తీసుకున్నాం. 1990లలో, 2000ల మొదట్లో ప్రవాసంలో తెలుగువాళ్ళు రాసుకున్న కథలకు, వ్యాసాలకు, జ్ఞాపకాలకు అలాంటి కాపలా లేదు. 1998లో మొదలైన ఈమాట పత్రిక తొలి సంచికలను ఈరోజు యూనికోడులో చదువుకోగలుగుతున్నామంటే, ఎవరో కూర్చుని ఆ పని చేశారన్నమాట. మన సంఘాల సావనీర్లలో ఎన్నిటికి అలా కూర్చున్నవాళ్ళున్నారు?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కూడా మామూలు మద్దతు ఆగింది. ఇప్పటికీ చాలా ఇళ్ళలో పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి తెచ్చుకుంటున్నారు. పాతదాన్ని రీసైక్లింగుకి పంపేముందు ఒక్క పూట ఆగమని నా మనవి. అందులో పాత తెలుగు ఫైళ్ళున్నాయేమో చూడండి. ఉంటే అది పనిచేస్తుండగానే వాటిని తెరిచి పి.డి.ఎఫ్. చేసుకోండి. ఫాంటు ఫైళ్ళను కూడా వాటి పక్కనే దాచుకోండి. ఒక్కొక్క కాపీ కాగితం మీద తీసుకోండి. తీరిక చిక్కినప్పుడు యూనికోడులోకి మార్చుకోవచ్చు, ఆ మూడూ ఉంటే ఆలస్యమైనా ఫరవాలేదు.

నా పట్టిక, చిన్న ప్రోగ్రాము అడిగినవాళ్ళకు ఇస్తాను. మిత్రుడి బేస్‌మెంటులోని కంప్యూటరు ఇప్పుడు మా గరాజుకి మారింది. లాకు దానికే తగిలించి ఉంది. ఇంకా లేస్తోంది. ఫ్లాపీలు, సీడీలు ఉన్నవాళ్ళు సంఘం సమావేశానికి వచ్చేటప్పుడు పట్టుకురండి. అది లేచినన్నాళ్ళు చూద్దాం.